డోన్ పెరటి తీగలు: గోడకా, పందిరికా?

గోడను పట్టుకొని పాకే హైడ్రాంజియా తీగ జపాన్, కొరియా, సఖాలిన్ దీవి అడవుల మొక్క. దాని దగ్గరి బంధువు ఒకటి హిమాలయాల నడిమి ఎత్తుల్లోనూ చైనా కొండల్లోనూ పెరుగుతుంది. నేపాల్ మొక్కల మీద 1825లో పుస్తకం వెలువరించిన డేవిడ్ డాన్ దానికి హైడ్రాంజియా అనోమలా అని పేరు పెట్టాడు. కాండం పొడవునా పుట్టే సన్నని వేళ్లు చెట్టు బెరడులోకో ఇటుక గోడ గరుకులోకో దూరి పట్టు దొరకబుచ్చుకుంటాయి. తాడు కట్టే పని లేదు, పందిరి వేసే పని లేదు. నాటిన మొదటి మూడు నాలుగేళ్లు కదలనట్టే ఉండి, ఆ తర్వాత పది పన్నెండు మీటర్ల ఎత్తుకు ఎగబాకుతుంది. వేసవి మొదట్లో పళ్లెంలా పరుచుకున్న తెల్లని గుత్తులు పూస్తుంది. గుత్తి మధ్యలో గింజ కట్టే చిన్న పూలు, అంచున గింజ కట్టని పెద్ద పూలు. హైడ్రాంజియా అన్న మాటకు గ్రీకులో నీటి పాత్ర అని అర్థం. కాయ చిన్న కూజాలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది గానీ, మొక్క స్వభావానికి కూడా అది సరిగ్గా సరిపోయింది. చల్లని నీడ, తడి ఆరని నేల, ఆకు రాల్చి నిద్రపోవడానికి నిజమైన చలికాలం దానికి కావాలి.

ఈ మూడూ దొరకని ఊరు డోన్. పాత పేరు ద్రోణాచలం. గుంతకల్లు నుంచి నంద్యాల వైపు పోయే రైలు దారికి కర్నూలు మీదుగా సికింద్రాబాదు నుంచి వచ్చే దారి కలిసే కూడలి. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఆ తర్వాత నంద్యాల జిల్లాలోకి చేరింది. ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఏటా కురిసే సాధారణ వర్షం 670 మిల్లీమీటర్ల చిల్లర. అందులో మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. మేలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. రాత్రి కూడా 26, 27 కంటే దిగదు. జనవరి రాత్రుల చలి 17 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కనుక హైడ్రాంజియాకు అది చలికాలం కిందికే రాదు. ఇలాంటి చోట ఆ తీగను ఎలా బతికించాలన్న ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. దాన్ని చూసి ముచ్చటపడేవాడు నిజంగా కోరుకునేది పూలతో నిండిన పచ్చని తెర, ఇంటికి కాస్త చలువ. అవి డోన్‌లోనూ దొరుకుతాయి. అయితే అందుకు మొదట మొక్కను మార్చడం కాదు, తీగ ఎక్కే చోటును మార్చాలి. సీమ ఇంటికి తీగ గోడ మీద కాక నెత్తిన ఉండాలి, అది కూడా వాన లెక్కను బట్టి పెరగాలి. ఈ వ్యాసం వాదన అదే.

మొదటి సాక్ష్యం సూర్యుడే. హైడ్రాంజియా తీగ సొంత ఊరనదగ్గ హొక్కైడో దీవిలో సప్పోరో నగరం 43వ అక్షాంశం మీద ఉంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు జూన్‌లో 70 డిగ్రీల ఎత్తుకు చేరి, డిసెంబరులో 23 డిగ్రీలకు దిగిపోతాడు. ఏడాదిలో చాలా భాగం ఎండ ఏటవాలుగా వచ్చి దక్షిణపు గోడకు తగులుతుంది, ఉత్తరపు గోడ నీడలో తడిగా ఉండిపోతుంది. గోడను కప్పే తీగ అలాంటి ఉత్తరపు దేశాల్లో అలంకారమైందీ, ఉత్తరపు గోడకు హైడ్రాంజియాను ఎంచుకున్నదీ అందుకే. డోన్ ఉన్నది 15.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి నడుమ మూడు నెలలు మధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు కనుక, చల్లగా ఉంటుందనుకునే ఉత్తరపు గోడకు కూడా ఎండ తగులుతుంది. డిసెంబరులో సైతం మధ్యాహ్నపు ఎత్తు 51 డిగ్రీలకు తగ్గదు. జూన్‌లో నడిమధ్యాహ్నం నిటారు గోడ మీద నేరుగా పడే ఎండ, నేల మీద పడేదానిలో ఏడో వంతు కూడా ఉండదు. మిగిలిందంతా మిద్దె మీద, వాకిట్లో, బావి గట్టు దగ్గర పడుతుంది. గోడకు పరిచిన ఆకు ఆ ఎండను ఆపలేదు. పందిరి ఆపుతుంది. పెళ్లికైనా చలివేంద్రానికైనా మనవాళ్లు ముందు పందిరి వేయడానికి వేడుక ఒక్కటే కారణం కాదు.

మరి పడమటి గోడ సంగతేమిటని అడగవచ్చు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ వాలుతుంది, పడమటి గోడ కాలిపోతుంది. బండలతో కట్టిన గోడైతే పొద్దుగూకాక కూడా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఈ ఒక్క దిక్కున నిలువు తెర అవసరమే. కాని అక్కడ కూడా గోడను అంటుకునే తీగ పనికిరాదు. కాలిన బండకు అతుక్కున్న లేత వేళ్లు ఎండి ఊడిపోతాయి. గోడ పాత మట్టిదైతే వేళ్లు దాన్ని గుల్ల చేస్తాయి. గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా రెండు కూసాలు పాతి, వాటి నడుమ ఇనుప తీగలు లాగి, మొక్కను ఆ తీగల మీదికి ఎక్కిస్తే గోడకూ ఆకుకూ మధ్య గాలి ఆడుతుంది. గోడను చల్లబరచడంలో ఆకుతో పాటు ఆ గాలికీ వంతు ఉంది.

తీగలు పాకే తీరు అన్నింటికీ ఒకటి కాదు. చార్లెస్ డార్విన్ 1865లో తీగల కదలికల మీద రాసిన సుదీర్ఘ పరిశీలనలో వాటిని తెగలుగా విడదీశాడు. ఒంటితోనే ఆధారాన్ని చుట్టేవి కొన్ని, ఆకు కాడతోనో నులితీగతోనో పట్టుకునేవి కొన్ని, కొక్కెం లాంటి ముళ్లతో తగులుకునేవి కొన్ని, అంటువేళ్లతో అతుక్కునేవి కొన్ని. హైడ్రాంజియా ఈ చివరి తెగది. పందిరికి కావలసినవి మొదటి మూడు తెగలవి. శంఖుపుష్పం, తిప్పతీగ, చిక్కుడు చుట్టుకుంటాయి. బీర, కాకర, దొండ, సొర నులితీగలు విసురుతాయి. కాగితపు పూల చెట్టు ముళ్లతో తగులుకుంటుంది, రాధామనోహరం రాలిన ఆకుల కాడలను ముళ్లలా మిగుల్చుకొని వాటితో ఎగబాకుతుంది. ఏ తీగైనా బరువు మోయడానికి మాను కట్టుకోదు. ఆ ఖర్చు మిగుల్చుకొని ఆకులకూ పొడవుకూ పెడుతుంది. నాలుగు నెలల్లో పందిరి నిండే రహస్యం అదే. అయితే దీనికి మారు ఖరీదొకటి ఉంది. సన్నని కాండం గుండా అన్ని ఆకులకూ నీరెక్కాలి కనుక తీగల్లో నీటి నాళాలు వెడల్పుగా ఉంటాయి. నేల ఎండి, ఎండ కాల్చినప్పుడు ఆ వెడల్పు నాళాల్లో నీటి ధార తెగి గాలి బుడగ చేరుతుంది. ఒకసారి తెగిన ధార మళ్లీ కలవడం కష్టం. తీగ మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తెల్లవారేసరికి కూడా తేరుకోకపోతే లోపల ధారలు తెగాయని గుర్తు. తలను ఎండకు వదిలినా మొదలును మాత్రం ఎండు గడ్డితోనో వేరుశనగ పొట్టుతోనో కప్పి ఉంచమనడానికి కారణం ఇదే.

ఇక నీటి లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న పందిరి తొమ్మిది చదరపు మీటర్లు. మే నెల ఎండకు నిండుగా ఆకు పట్టిన పందిరి రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుందనుకుంటే 54 నుంచి 63 లీటర్లు, అంటే దాదాపు నాలుగు బిందెలు. ఆగస్టులో మబ్బులు కమ్మి, గాలిలో తేమ ఉన్నప్పుడు ఆ అవసరం సగానికి పడిపోతుంది, అందులోనూ వాన చాలా భాగం తీరుస్తుంది. ఇప్పుడు ఇంటి వైపు నుంచి చూద్దాం. గ్రామాల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్క కట్టింది. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. తాగడానికీ వంటకూ పోగా మిగిలినదాంట్లో సగం తిరిగి పట్టినా మే నెల పందిరికి సరిపోతుంది. సీమలో బచ్చలి అంటే స్నానాల చోటు, కూర వండుకునే తీగ కూడా బచ్చలే. ఆ చోట పారే నీళ్లతోనే ఈ తీగ పెరగడం భాష చేసిన చమత్కారం అనుకున్నా తప్పు లేదు. మిద్దె మీది వానను కూడా లెక్కలోకి తెచ్చుకోవచ్చు. 50 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదిలో 670 మిల్లీమీటర్లు కురిసి, అందులో ఐదింట నాలుగు వంతులు పట్టగలిగితే 26,800 లీటర్లు. కాగితం మీద ఒక పందిరిని ఏడాదికి పైగా పోషించగల నీరు అది. నిజానికి దాన్ని అంతకాలం దాచే తొట్టి మామూలు ఇంట్లో ఉండదు. మొదలు దగ్గర తవ్విన ఇంకుడు గుంత మహా అయితే దీపావళి దాటి కొన్ని వారాలు తేమను నిలుపుతుంది.

ఇక్కడే ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. వానకు మొలిచే తీగలు సంక్రాంతి దాటాక ఎండిపోతాయి. నీడ కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. కావలసినప్పుడు లేని నీడ ఎందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. దానికి జవాబు పాత అలవాటులోనే ఉంది. ఎండాకాలం వచ్చేసరికి అవే కూసాల మీద తాటాకులో కొబ్బరి మట్టలో కంది కట్టెలో పరిస్తే చలువ పందిరి అవుతుంది. బతికున్న ఆకు నీటిని ఆవిరి చేసి గాలిని కొంత చల్లబరుస్తుంది, ఎండుటాకు ఆ పని చేయలేదన్న మాట నిజమే. కాని ఎండుటాకు ఒక్క చుక్క నీరు అడగదు. బోర్లు అడుగంటే నెలల్లో ఈ లక్షణం తక్కువదేమీ కాదు. ఒకే కూసాల జత మీద ఆరేడు నెలలు పచ్చ పందిరి, మూడు నాలుగు నెలలు ఎండు పందిరి అన్నది లోటు సర్దుకోవడం కాదు, నీటికి తగ్గట్టు ఇంటిని నడపడం. దానికి తోడు బచ్చలి నీళ్లు అందే మూలన ఒకటి రెండు బహువార్షిక తీగలుంటే వేసవిలో కూడా పచ్చదనం పూర్తిగా పోదు.

వాన తీగల్లో ముందు వరసలోవి కూరగాయలే. ముంగారి వానలకు, అంటే జూన్ నెలాఖరు నుంచి జూలైలో గింజ పెడితే బీర, కాకర, సొర వినాయక చవితికి పందిరి ఎక్కి దసరాకు కాయ ఇస్తాయి. వేసవిలో నీళ్లు పోసి పెంచితే ఏం తప్పనేవారికి ఈ మొక్కల్లోనే సమాధానం ఉంది. గుమ్మడి కుటుంబపు తీగల్లో మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. ఎండ ముదిరి పగలు పెరిగే కొద్దీ మగ పూలు ఎక్కువై, కాయ పట్టే ఆడ పూలు తగ్గుతాయి. రెండు నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి మూడు నాలుగు గ్రాముల బోరిక్ ఆమ్లం కలిపి చల్లితే ఆడ పూలు కొంత పెరుగుతాయని రైతులకు చెప్పడం అందుకే. అదే తీగ ఆగస్టు మబ్బుల కింద ఏ మందూ లేకుండా కాస్తుంది. పందిరి చిక్కుడుది మరో తీరు. పొద్దు తగ్గితే గానీ పూయదు. జూలై, ఆగస్టుల్లో నాటితే కార్తీకం నుంచి మాఘం దాకా, వాన వెళ్లిపోయాక కూడా, నేలలో మిగిలిన తేమతోనే కాయలిస్తుంది. పందిరి కూరగాయల్లో సీమ స్వభావానికి బాగా దగ్గరగా ఉన్నది అదే అనిపిస్తుంది. ఒక జాగ్రత్త. శీతకాలంలో ఆకుల మీద బూడిద తెగులు కనిపించగానే ద్రాక్షకు చల్లినట్టు బీరకో కాకరకో గంధకం పొడి చల్లకూడదు, తీగజాతి కూరగాయల ఆకు దానికి మాడిపోతుంది. ద్రాక్ష, కూరగాయల రైతులు రాతి కూసాల మీద ఇనుప తీగలు అల్లి వేసే శాశ్వత పందిళ్లకు ఉద్యానశాఖ రాయితీ ఇస్తూ వచ్చింది. పెరటి పందిరి దానికి చిన్న రూపమే. డోన్ పక్కనే బేతంచెర్ల బండల గనులున్న ప్రాంతంలో రాయికి కరువు లేదు. కూసం రెండడుగులు నేలలోకి దిగి, ఆరున్నర అడుగులు పైన ఉండాలి. పాతే లోతు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఆషాఢ గాలి ఆకు నిండిన పందిరిని తెరచాపలా లాగుతుంది.

ఏటా నాటనక్కరలేని తీగల్లో దొండకు మొదటి స్థానం ఇవ్వాలి. దాని వేరు దుంపలా ఊరి నీటినీ పిండినీ దాచుకుంటుంది. పై తీగ ఎండినా, కోసేసినా మొదటి వానకు మళ్లీ లేస్తుంది. శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానికి చెందింది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలి నత్రజనిని వాడుకుంటుంది కనుక బీద ఎర్రనేలలో కూడా నిలబడుతుంది. పూల కోసం పెంచేవాటిలో తీగమల్లె లెక్క వేరు. జనవరిలో కొమ్మ కత్తిరించి, పాదు తవ్వి, ఎరువు వేసి నీరు కట్టడం మొదలుపెడితే మార్చి నుంచి పూస్తుంది. పందిరి నిండుగా అది వేసవిలో తాగే నీరు తక్కువేమీ కాదు గాని, ఆ నెలల్లో ఆ పూల కోసం ఒక బిందె ఎక్కువ పోయడానికి ఏ ఇల్లూ వెనుకాడదు. రాధామనోహరం పొద్దుగూకే వేళ తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబి రంగుకు, ఆపై ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించేది అందుకే. అయితే అది చిన్న పందిరికి లొంగే తీగ కాదు. ఏడాదికి ఒకసారి గట్టిగా కత్తిరించకపోతే మిద్దెను కప్పేసి పక్కింటి మీదికి పోతుంది. కాగితపు పూల చెట్టుది ఇందుకు పూర్తిగా భిన్నమైన గుణం, నేల కాస్త ఎండితేనే రంగు తేలుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆకులు దట్టంగా వేసి పూతను మరిచిపోతుంది. పూలని మనం మురిసేవి నిజానికి రంగు తేలిన ఆకులే, అసలు పూలు వాటి మధ్య సన్నని తెల్లని గొట్టాలు. ముళ్లున్నది కనుక మనుషులు మసిలే పందిరి కంటే పడమటి తెరకో ప్రహరీకో దాన్ని వాడడం మేలు.

వీటన్నిటికంటే నీటి పొదుపు తెలిసినది నల్లేరు. నాలుగు పలకల కాండమే దాని నీటి తిత్తి. పగటి ఎండలో ఆ కాండం మీది సన్నని రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. మరునాడు ఆ గాలితోనే వంట చేసుకుంటుంది. ఎడారి మొక్కల్లో కనిపించే ఈ పద్ధతి ద్రాక్ష కుటుంబంలో పుట్టిన ఈ తీగకు అబ్బడం విశేషం. ‘నల్లేరు మీద బండి నడక’ అని తేలికైన పనికి ఊరికే అనలేదు, చక్రం కింద నలిగే అంత మెత్తన. నీడ మాత్రం ఇవ్వదు. ఆకులు చిన్నవి, త్వరగా రాలిపోతాయి. పచ్చడికీ పథ్యానికీ కంచె మీద ఒక మూలన ఉంటే చాలు. నీటి పొదుపు ఒక్కటే కొలబద్దయితే సీమ ఇళ్లన్నీ నల్లేరుతో నిండాలి. అలా జరగలేదంటే బిందె నీటికి ఎంత నీడ, ఎంత కూర, ఎన్ని పూలు అన్న మొత్తం లెక్కే నడుస్తున్నదని అర్థం.

ఈ వాదనకు కడప నుంచి ఒక ఎదురు సాక్ష్యం వస్తుంది. పెన్న ఒడ్డున చెన్నూరు తమలపాకుకు పెట్టింది పేరు. తమలపాకు తీగ కూడా అంటువేళ్లతో పాకేదే, నీడా తేమా కోరేదే. అది కడప ఎండలో పెరగ్గా లేనిది, కాస్త శ్రద్ధ పెడితే హైడ్రాంజియా ఎందుకు పెరగదన్నది ప్రశ్న. అక్కడి రైతు చేసే పని చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు వరసలుగా అవిసె విత్తుతాడు. అవిసె పెరిగి పైన పలచని నీడ పరిచాక దాని మొదట్లో తమలపాకు తీగ నాటుతాడు. తీగ ఎక్కేది ఎండకు కాలే గోడ మీదికి కాదు, లోపల నీరు పారే బతికున్న మాను మీదికి. తడి ఆరనివ్వకుండా నీరు పెడుతూనే ఉంటాడు. ఆ నీరు పెన్న పరీవాహకానిది. 1863, 1870 సంవత్సరాల మధ్య ప్రైవేటు కంపెనీ తవ్వగా 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు కడప కాలువ లాంటి వసతులు ఆ దిగువ నేలలకు దక్కినట్టు డోన్ గట్టు నేలలకు దక్కలేదు. పైగా తమలపాకు ఉష్ణమండలపు తీగ, దానికి చలి అక్కరలేదు, రాకపోతేనే మంచిది. హైడ్రాంజియాకు నీడా నీరూ ఎలాగో సమకూర్చినా చలికాలాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? సీమలో చల్లని చోటనే పేరున్న హార్సిలీ కొండల్లోనూ హొక్కైడో మంచు పడదు. చెన్నూరు తోట నిజానికి ఈ వ్యాసం మాటనే బలపరుస్తోంది. తేమ కోరే తీగను పొడి నేలలో పెంచాలంటే ముందు దాని నెత్తిన ఒక పందిరి కావాలి, అక్కడ ఆ పందిరి పేరు అవిసె.

ఇది విదేశీ మొక్కల మీద చిన్నచూపు అనుకోనక్కరలేదు. కాగితపు పూలు దక్షిణ అమెరికావి. 1760ల చివర్లో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ ఓడ మీద వెళ్లిన వృక్షశాస్త్రవేత్త కామర్సన్ వాటిని బ్రెజిల్‌లో సేకరించాడు. మనం రోజూ నూరే మిరపకాయా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. పుట్టుక ఎక్కడన్నది కాదు, నీటినీ ఎండనూ ఎలా వాడుకుంటుందన్నదే చూడాలి. అలా చూస్తే నల్లమల అడవుల మాధవీలత కంటే బ్రెజిల్ తీగే డోన్ ప్రహరీకి ఎక్కువ తగినది కావచ్చు.

నేల గురించి చెప్పవలసింది ఉంది. డోన్ చుట్టుపక్కల ఎర్రనేలలూ నల్లరేగళ్లూ కలగలిసి ఉంటాయి, కింద చాలాచోట్ల సున్నపురాయి. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద రాసిన నివేదికతోనే ఈ రాళ్లకు ఈ జిల్లాల పేర్లు భూగర్భ శాస్త్రంలో స్థిరపడ్డాయి. రాతి సున్నం నేలలోకీ బోరు నీటిలోకీ దిగుతుంది. దానివల్ల నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, మల్లె ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుబారుతాయి. తెగులనుకొని పురుగుమందు కొట్టేవారు ఎక్కువ. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లితే పచ్చదనం తిరిగి వస్తుంది. బచ్చలి నీళ్లలోని సబ్బు సోడియం ఈ చిక్కును పెంచగలదు. బంకమన్నులో సోడియం చేరితే మన్ను గట్టిపడి నీరు ఇంకదు. బట్టల సబ్బు నీళ్లను కాక స్నానపు నీళ్లనే తీగకు పారించడం, అవి కూడా పాదులు మార్చి మార్చి వదలడం, వానాకాలంలో మంచి నీటితో నేలను కడగనివ్వడం ఇందుకు విరుగుడు. నల్లరేగడి అయితే మరో ఇబ్బంది. వేసవిలో బీటలు వారి వేళ్లను తెంపుతుంది, వానకు ఉబ్బి నీరు నిలుపుతుంది. రెండడుగుల గుంత తీసి ఎర్రమన్ను, మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపితే ఈ రెండూ తగ్గుతాయి. మొక్కలు కొనేవారు కాలం కూడా చూసుకోవాలి. గోదావరి కాలువల ఒడ్డున కడియపులంక నర్సరీల తేమలో పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో తెచ్చి డోన్ ఎండలో పెడితే వారంలో ఆకు రాలుతుంది. అదే మొక్క రెండు మంచి వానలు పడ్డాక నాటితే మారు మాట లేకుండా నాటుకుంటుంది.

పందిరికి బదులు ఒక వేప చెట్టు పెంచితే పోదా అనే మాటలో న్యాయం ఉంది. చోటున్న ఇంటికి వేపనో కానుగనో మించిన నీడ లేదు, ఒకసారి వేరు దిగాక అవి నీళ్లు కూడా అడగవు. కాని వేప నిండు నీడకు ఏళ్లు పడుతుంది. మూడు సెంట్ల స్థలంలో కట్టిన ఇంటి పునాది పక్కన దాన్ని పెంచితే రేపు వేరుకూ గోడకూ తగవు తప్పదు. పందిరిని కావాలంటే ఒక పూటలో విప్పి మరోచోట వేసుకోవచ్చు. పందిరికి పాములు చేరతాయన్న భయానికి కారణం తీగ కన్నా దాని కింద పేరుకున్న చెత్తే. ఎలుకలకూ కప్పలకూ చెత్త ఇల్లయితే వాటి కోసం పాము వస్తుంది. ఆరున్నర అడుగుల ఎత్తున పందిరి, కింద ఊడ్చిన నేల ఉంటే ఆ బెడద ఉండదు. గోడ మీద పచ్చదనమే కావాలని పట్టుబట్టేవారికి ఒక్క దారి ఉంది. ఉత్తరపు గోడకు, పక్కన మరో ఇల్లు ఉండి వేసవి ఎండ అడ్డుపడే చోట, నర్సరీల్లో దొరికే ఫైకస్ పుమిలా అనే చిన్న ఆకుల మర్రి జాతి తీగ అతుక్కుంటుంది. మొదటి రెండేళ్లు నీటికి లోటు చేయకూడదు. సిమెంటు పూతకు పరవాలేదు గాని మట్టి గోడ దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

హైడ్రాంజియా తీగకు తగిన తెలుగు ఇళ్లు కూడా లేకపోలేదు, అవి సీమలో లేవంతే. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్ల ఇంటి ఉత్తరపు గోడకు అది చక్కగా అమరుతుంది. మంచు దాని నిద్రకు పరుపు, వాలు ఎండ దానికి చాలు, మూడేళ్ల ఓపిక ఒక్కటే అడుగుతుంది. ఆ ఇళ్లలోనే దొండ తీగ పరిస్థితి తలకిందులవుతుంది. డోన్‌లో వేసవినంతా నేలలో పడుకొని వానకు లేచే దుంప అక్కడ నేల గడ్డకడితే కుళ్లిపోతుంది. అందుకని అక్టోబరు రాగానే తీగను మొదటికి కత్తిరించి, కుండీతో సహా ఇంట్లోకి తెచ్చి, వెచ్చని కిటికీ పక్కన పెట్టుకుంటారు.